ఆకాశంలో నల్లచుక్క

ఒరేయ్ తమ్ముడూ,

కెమెరా పాడవలేదు. నీ మనసు కుదుటపడాలని ఈ మాట ముందు రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పబోతే మొన్నటిలాగే ఏడుపొస్తుంది.

మన చిన్నోడు పోయాక నాలుగు నెలలు దాన్ని ముట్టుకోలేదు కదా. మొన్న ధైర్యం చేసి, దుమ్ము పోవాలని లెన్సు విప్పి లోపల నోటితో ఊదాను. నువ్వు చెప్పినట్టే పైన చక్రాన్ని 'ఆటో' అన్న గుర్తు మీద పెట్టి ఆకాశాన్ని తీశాను. ఏ ఫొటో చూసినా కుడివైపు మూల ఒక నల్లచుక్క. నా బిడ్డ వస్తువు నా చేతులారా పాడుచేశానని ముద్ద మింగుడుపడలేదు.

కెమెరాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, "నోటితో ఊదారా? అదేమన్నా పొయ్యా అమ్మా!" అని నవ్వాడు. తర్వాత కెమెరాలోని మెమరీ కార్డులో చిన్నోడు తీసిన పాత ఫొటోలు తిప్పాడు. వాడి ఆకాశంలోనూ అదే చుక్క, అదే మూలన!

"ఈ దుమ్ము మీరు చేసింది కాదమ్మా, మీ అబ్బాయి వాడేటప్పటిదే. తుడిచెయ్యనా? ఐదు నిమిషాల పని."

గుండెల మీంచి బండ దిగిందిరా. "వద్దు బాబూ, ఉండనీ" అన్నాను.

కొనేరోజు కొట్లో పెద్ద కెమెరాలన్నీ వదిలేసి, "అమ్మ చేతికి బరువు కానిది కావాలి మామయ్యా" అని వాడు ఇది ఏరుకున్నాడని నువ్వే చెప్పావు. కొత్తది కొంటానన్నావు, వద్దురా. ఇదే చాలు.

ఇవాళ పొద్దున మళ్ళీ ఆకాశాన్ని తీసి చూసుకున్నాను. చుక్క ఉంది. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

మీ అక్క