సగం తెగిన దుంగ

ప్రియమైన అన్నయ్యకి,

ఇది మాట్లాడటం కిందకి రాదు, ఉత్తరం కిందకే వస్తుంది. కాబట్టి మన పంతాలు రెండూ చెక్కుచెదరలేదు. నాన్న పోయిన రోజున ఒకే గడపకి చెరోవైపు నిలబడి కూడా మనం పలకరించుకోలేదు. చూసినవాళ్ళు దుఃఖం అనుకున్నారు. పోనీలే, అలాగే అనుకోనీ.

వచ్చే ఆదివారం అందరూ మన కలప అడితిలో కలుస్తున్నారు కదా, ఆ రోజు నాన్న గురించి చదవడానికి నన్ను రాయమంది పెద్దత్తయ్య. "ఊళ్ళోవాళ్ళందరి సంగతీ పేపర్లో రాస్తావు, కన్నతండ్రి సంగతి రాయలేవా?" అని దెప్పింది. రాయడానికి కూర్చున్నాను. చిక్కేమిటంటే, నాన్న గురించి విన్నవి బోలెడు, రూఢి అయినవి తక్కువ. పుట్టిన సంవత్సరం ఆయనే మూడు రకాలుగా చెప్పేవాడు. తొంభై దాటాడన్నది మాత్రం ఖాయం.

రూఢి చేసుకున్నవి ఇవి. చెట్టు కొట్టే ముందు దాన్ని తిట్టేవాడు, కొట్టాక క్షమాపణ చెప్పేవాడు. ఎవరితోనైనా తగాదాకి దిగబోతే కట్టుడు పన్ను ఊడదీసి అమ్మ చేతిలో పెట్టేవాడు. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, "పన్ను లేకుండా తిడితే ఎవరికి అర్థమవుతుంది? ఇంట్లోకి పదండి" అనేది. గుర్రం కొని, దానిమీద పెళ్ళిచూపులకి బయల్దేరాడు. అరగంటలో గుర్రం ఒక్కటే ఇంటికొచ్చింది. ఆయన నడిచి వెళ్ళి పిల్లని చూసి, ఒప్పించి మరీ వచ్చాడు. దీనికి సాక్షి అమ్మమ్మ.

ఇక రంపం శిక్ష. ఇంట్లో ఏ ఇద్దరికి మాటలు ఆగిపోయినా ఇద్దరి చేతికీ పెద్ద రంపం ఇచ్చి, దుంగకి చెరోవైపు కూర్చోబెట్టేవాడు. దుంగ తెగేదాకా నోరు విప్పకూడదు. "లాగు, తొయ్యకు. నీ వంతు అయ్యాక వదిలెయ్యి, వాడే లాక్కుంటాడు" అనేవాడు. పెద్దత్తయ్య వాళ్ళ కొత్త అల్లుడు, అతని మామగారు కూడా తప్పించుకోలేదు. నువ్వూ నేనూ ఎన్ని దుంగలు కోశామో లెక్కలేదు. తోసేది ఎప్పుడూ నువ్వే.

అయితే నాన్న జీవితమంతా కూర్చున్న దుంగ ఒకటుంది. షెడ్డులో, గోనెపట్టా పరిచి. సగం తెగి ఉండేది. ఎందుకని అడిగిన ప్రతివాడికీ ఆయన ఒక కొత్త కథ చెప్పాడు. అటవీశాఖ ఆఫీసరుకి పిడుగని చెప్పాడు. మనకేమో, కోస్తుంటే లోపల్నుంచి ఎవరో 'మెల్లగా' అన్నారని, మర్యాదకి ఆపేశానని చెప్పాడు. వార్త రాసేదాన్ని కదా, నాకు అసలు సంగతి కావాలి. అందుకని ఏటి అవతల ఊరికి, నాన్న తమ్ముడి ఇంటికి, పిన్ని దగ్గరికి వెళ్ళాను. మనం ఎప్పుడూ తొక్కని గడప అది.

పిన్ని చెప్పింది ఇదీ. ఆ దుంగ కోస్తున్నది నాన్న, బాబాయి. ఇద్దరూ కుర్రాళ్ళు. మిట్టమధ్యాహ్నం. 'నువ్వు తోస్తున్నావు' అని ఒకడు, 'నువ్వు లాగట్లేదు' అని ఇంకొకడు. బాబాయి పిడి వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. అంతే. ఆస్తి కాదు, ఆడవాళ్ళు కాదు. వానలు పడేదాకా రంపం దుంగలోనే ఉందట.

"మరి బాబాయి మళ్ళీ ఎందుకు రాలేదు పిన్నీ?" అన్నాను.

"అన్న పిలిస్తే వెళ్తానని మీ బాబాయి. తమ్ముడే వస్తాడని మీ నాన్న. ఇద్దరూ పెళ్ళికూతుళ్ళే, పల్లకీ మోసేవాడు లేడు" అంది. నవ్వలేదు. తర్వాత అంది: "ఈయన పోయిన రోజు మీ నాన్న వచ్చాడు. లోపలికి రాలేదు. కంచె పట్టుకుని పొద్దుపోయేదాకా నిలబడ్డాడు."

శిక్ష ఎక్కణ్ణుంచి పుట్టిందో ఇప్పుడు తెలిసింది. దీన్ని అందరి ముందూ చదవనా, వద్దా? అది నువ్వు కూడా చెప్పాలి.

ఇంకొకటి అడుగుతాను, సూటిగా. నువ్వు అడితిలో కోత మిషన్ పెట్టిన ఏడాది నాన్న సంచితో మా ఇంటికొచ్చాడు. "అక్కడ దోమలు" అన్నాడు. పోయేదాకా తిరిగి వెళ్ళలేదు. నువ్వే పొమ్మన్నావనుకున్నాను. నేను నీతో మాట్లాడకపోవడానికి కారణం అదొక్కటే. ఆ రోజు ఏం జరిగింది?

నీ చెల్లెలు

*

చెల్లాయికి,

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. మీ వదిన ఒక్కసారి చదివి, "చెల్లెలికి ఉన్నపాటి బుద్ధి అన్నగారికి లేకపోయింది" అని పోయి పడుకుంది.

నేను పొమ్మనలేదు. నువ్వే పట్నం నుంచి ఫోన్లు చేసి లాక్కుపోయావనుకున్నాను. నేను మాట్లాడకపోవడానికి కారణం అది. ఆ రోజు మిషన్ మీద నాలుగు మానులు కోశాం. నాన్న చూస్తూ కూర్చున్నాడు, బాగానే ఉన్నాడు. సాయంత్రం నేను, "నాన్నా, ఆ సగం దుంగ కూడా మిషన్ మీద పెట్టేద్దాం, షెడ్డులో చోటు కలిసొస్తుంది" అన్నాను. ఆయన పన్ను తీశాడు. ఇవ్వడానికి అమ్మ లేదు కదా, జేబులో వేసుకున్నాడు. వెళ్ళి ఆ దుంగ మీదే కూర్చున్నాడు. తెల్లారేసరికి ఇంట్లో లేడు.

నీ ఉత్తరం చదివాక పనివాళ్ళు భోజనాలకి వెళ్ళినప్పుడు గోనెపట్టా తీసి చూశాను. ఇన్నేళ్ళలో నేను గానీ, పనివాళ్ళు గానీ ఎప్పుడూ దాన్ని ఎత్తలేదు. దుంగలో కోత సగం దగ్గర ఆగలేదు చెల్లాయ్, ఇంకా కిందికి దిగింది. సగం దాకా కోత నూలు పట్టి గీసినట్టుంది, పాతబడి నల్లబడింది. అది ఇద్దరి కోత. దానికింద కోత తాగినవాడి నడకలా అటూ ఇటూ పోయింది. ఇద్దరి రంపాన్ని ఒక్కడే లాగితే అంతే. అటువైపు మనిషి లేకపోతే తిరిగి వెళ్ళేటప్పుడు రంపం వంగుతుంది. అడుగున రంపపు పొట్టు ఇంకా ఎర్రగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. బాబాయి పోయాక, సెలవు రోజుల్లో నాన్న అందర్నీ పంపించేసి, 'కాస్త కునుకు తీస్తాను' అని గేటు వేసుకునేవాడు. ఆ వయసులో. చేతులు బొబ్బలెక్కితే చీమలు కుట్టాయనేవాడు. నేను షెడ్డంతా చీమల మందు చల్లించాను.

ఇంకా నాలుగు వేళ్ళ మందం మిగిలింది. మిషన్ మీద పెడితే తుమ్మేలోపు రెండవుతుంది. పెట్టలేదు. అటక మీంచి పాత రంపం దించి, ఆకురాయితో పళ్ళకి పదును పెట్టాను. ఒక పిడి విరిగిపోయి ఉంటే కొత్తది వేశాను. కొత్తది నీ వైపు.

నువ్వు అడిగినదానికి జవాబు: చదువు. అంతా చదువు, గుర్రంతో సహా. పిన్ని వినాలి. నిన్న ఏరు దాటి వెళ్ళి నేనే పిలిచి వచ్చాను. ఆవిడే వస్తుందిలే అని కూర్చోలేదు. "ఇంత ఆలస్యమా రా?" అంది. వస్తానంది.

ఆదివారం వాళ్ళందరి కంటే ముందు రా. వచ్చాక మాట్లాడకు, కూర్చుని పిడి పట్టుకో. చిన్నప్పుడు తోసేది నువ్వే, తిట్లు తిన్నది నేను. ఆ సంగతి దుంగ తెగాక తేల్చుకుందాం.

ఇట్లు,
అన్నయ్య