బొమ్మ స్టీరింగు

12 మే 2005
మనవరాలు హేమ తిరుపతి నుంచి వచ్చింది. కాలేజీకి సెలవులు. చిత్తూరు బస్టాండుకు జీపు వేసుకుని నేను పోతానంటే కొడుకు శేఖర్ వద్దన్నాడు. "ఎండగా ఉండాది నాయనా, నేను పోతాలే." ఎండ నాకు కొత్తా? ముప్ఫయ్యేళ్లు లారీలో గూడూరు నిమ్మకాయలు మద్రాసుకు తోలినవాణ్ణి.
హేమ చేతిలో పెద్ద అట్టపెట్టె. ఏమిటంటే చెప్పలేదు. వాళ్ల నాన్న మొహం చూసి నవ్వింది.

13 మే
పెట్టెలో ఉన్నది స్టీరింగు. ప్లాస్టిక్‌ది. కిందికి రెండు పెడళ్లు, వైర్లు. కంప్యూటరు బల్లకు మర బిగించి పెట్టింది. కార్ల పందెం ఆట అట. ఇన్నాళ్లూ గేమ్‌ప్యాడ్ అని రెండు చేతుల్లో పట్టుకుని, బొటనవేళ్లతో నొక్కుతూ ఆడేది. దాంతో ఎప్పుడూ ఫస్టే.
ఫస్టు వచ్చేదాన్ని వదిలి ఇదెందుకు? అదీ ఇప్పుడు?
వచ్చే నెల ఇరవైకి నా లైసెన్సు అయిపోతుంది. మళ్లీ రాయించాలంటే కంటి డాక్టరు సంతకం కావాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

14 మే
హేమ ఆడింది. ఆఖరు. మళ్లీ ఆఖరు. కారు తాగినవాడిలా ఊగుతూ పోయింది.
"ఛీ, గేమ్‌ప్యాడే మేలు తాతా. దాంట్లో వేలు తీస్తే కారు అదే నేరుగా అయిపోతాది. దీంట్లో ఎంత తిప్పితే అంత మళ్లీ వెనక్కి తిప్పల్ల."
అదే కదా తోలడమంటే. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నా.
పేపరులో లైను చివరి మాటలు తప్పిపోతున్నాయి. ఈమధ్య అచ్చు సరిగా వేయడం లేదు.

15 మే
"రా తాతా, నువ్వొకసారి తోలు" అంది. శేఖర్ అంగడికి బయలుదేరినవాడు ఒక కాలికి చెప్పు వేసుకుని అట్లాగే నిలబడ్డాడు. చూడాలని.
నడుము నొప్పి అన్నా.
"కుర్చీలో కూర్సునేదానికి నడుమేం సేసింది?" - వంటింట్లోంచి మా ఆమె.
ముగ్గురూ ఒకటే.

16 మే
ఇంట్లో ఎవరూ లేరు. శేఖర్ అంగట్లో. ఆడవాళ్లిద్దరూ మార్కెట్లో. కూర్చున్నా.
కూర్చోగానే స్టీరింగు తాకి కళ్లకు అద్దుకున్నా. అలవాటు. లారీ అయినా, జీపు అయినా అది చేయకుండా బండి తీసింది లేదు. చేసింతర్వాత సిగ్గేసింది... ప్లాస్టిక్‌దానికా? తిరిగి చూస్తే వాకిలి దగ్గర హేమ. కూరగాయల సంచి చేతిలో. చూసిందో లేదో తెలియదు. వచ్చి ఆట పెట్టింది.
ఎడమకాలు క్లచ్ వెతుకుతుంది. లేదు. హారను లేదు. హారను కొట్టకుండా మలుపులోకి ఎట్లా పోయేది? పద్ధతిగా ఎడమపక్కనే పోతున్నా. ఎదురుగా లారీ. గుద్దా. తర్వాత కారు. అదీ గుద్దా.
హేమ కింద కూలబడి నవ్వుతోంది. "అది పరాయి దేశం రోడ్డు తాతా! ఆడ కుడిపక్క పోవల్ల. నువ్వు అందరికీ ఎదురు పోతాండావు!"
ముందే చెప్పవచ్చు కదా. మర్చిపోయిందా, కావాలనేనా?

17 మే
ఆడలేదు. హేమ పిలవలేదు కూడా. ఎందుకు పిలవలేదో.

18 మే
హేమ చేతులు చూస్తూ ఉండబట్టలేకపోయా. స్టీరింగును పీక పిసికినట్టు పట్టుకుంది.
"అట్లగాదు పాపా. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. ముందర టైరు కాడ సూడొద్దు, దూరం సూడు. కన్ను యాడికి పోతే చెయ్యి ఆడికే పోతాది."
నాలుగోసారికి మూడో స్థానంలో వచ్చింది. ఎగిరి గంతేసింది. "అవ్వా! మీ ఆయన దగ్గర విద్య ఉండాది!"
"ఉంటే నాకేమన్నా నేర్పించినాడా?" అంది మా ఆమె.
మధ్యాహ్నం అన్నం రెండోసారి పెట్టించుకున్నా.

19 మే
పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే కిటికీలోంచి వినబడింది. శేఖర్ గొంతు - "ఎట్ల తోల్తాండాడు మీ తాత?" హేమ - "బాగానే నాన్నా... కానీ..."
తర్వాత గొంతులు తగ్గాయి. కానీ ఏమిటి?
నిన్నటి సంతోషం పోయింది.
మార్చిలో జీపు మా గేటు స్తంభానికి రాసుకుంది. కుడిపక్క తలుపు మీద జానెడు గీత. ట్రాక్టరువాడు గీసిపోయాడని చెప్పా. నమ్మారు. నమ్మారనే అనుకున్నా.

21 మే
హేమ రోడ్డు మార్చింది. ఇందులో ఎదురు బండ్లు లేవు. రెండు పక్కలా గోడలు. "దీంట్లో నీకు ఇబ్బంది లేదు తాతా." ఇబ్బంది అని నేనెప్పుడన్నా?
మూడు చుట్లు తోలా. బాగా తోలా. చేతులు వాటంతట అవే తిరిగాయి. మధ్యలో గరగరమని చప్పుడు వచ్చింది. ఆటలో చప్పుడు ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది.
"నువ్వు తోలింది మళ్లీ సూపిస్తాది, ఉండు" అని ఏదో నొక్కింది.
నా కారే. వెనక నుంచి కనబడుతోంది. కుడి మలుపు వచ్చినప్పుడల్లా గోడకు రాసుకుంటూ పోయింది. నిప్పులు రాలాయి. మూడు చుట్లలో ఒక్క మలుపు తప్పలేదు.
ముప్ఫయ్యేళ్లలో నేను తోలడం నేను చూడలేదు ఎప్పుడూ.
"స్టీరింగు వదులుగా ఉండాది" అన్నా.
"ఔను తాతా, వదులే" అని వంగి మర తిప్పింది. మర తిరగలేదు. బిగిసే ఉంది.

22 మే
వాకిలి ముందు నిలబడి ఎదురుగా చూశా. ఎడమ ద్వారబంధం కనబడింది. కుడిది లేదు. తల తిప్పితే ఉంది.
మూడుసార్లు చూశా.
ఈ పేజీకి తప్ప ఎవరికీ చెప్పను.

25 మే
జీపు తాళం మేకుకు తగిలించడం లేదు. జేబులోనే పెట్టుకుంటున్నా. మా ఆమె చూసింది. "ఎవురెత్తుకుపోతారని?"

28 మే
శేఖర్ అన్నాడు - "సోమవారం పూతలపట్టు తోటకు కాయలు కోసేవాళ్లొస్తారు నాయనా. పాపను తోడు పిల్చుకపో."
తోడు ఎందుకు?
హేమ గోళ్లు చూసుకుంటూ - "నేను ఎల్లెల్లార్ తీసుకున్న్యా తాతా, పోయిన నెల. బండి నేర్చుకోవల్ల. పక్కన లైసెన్సు ఉండేవాళ్లు కూర్సోవల్లంట."
పోయిన నెల! అంటే ఆ స్టీరింగు తన కోసమా? నన్ను పరీక్ష చేయడానికా? నన్ను పక్క సీట్లోకి జరపడానికా? శేఖర్‌కు కూడా లైసెన్సు ఉంది. వాడు కూర్చోవచ్చుగా.
నా లైసెన్సుకు ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి.

29 మే
తాళం తీసి బొమ్మ స్టీరింగు పక్కన పెట్టా. పెట్టి, మళ్లీ జేబులో వేసుకున్నా.

30 మే
పొద్దున్నే హేమ జీపు దగ్గర నిలబడింది. తలుపు తీయలేదు. నేను తీస్తానేమోనని. తాళం ఇచ్చా. చుట్టూ తిరిగి ఎడమ సీట్లో కూర్చున్నా. ఈ జీపులో ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు.
ఎక్కింది. స్టీరింగు తాకి కళ్లకు అద్దుకుంది.
ఆ రోజు చూసింది అయితే.
"కోడిపిల్ల" అన్నా. "తెలుసులే తాతా" అంది.
గేటు దాటేటప్పుడు ఎదురుగానే చూశా. కుడి స్తంభం ఎంత దగ్గరగా పోయిందో తెలియలేదు. చప్పుడు మాత్రం రాలేదు.
తిరిగి వచ్చాక తాళం నా చేతికే ఇచ్చింది.
లైసెన్సు కాగితాలు బల్ల మీద ఉన్నాయి. నేను పెట్టలేదు. "కంటి డాక్టరు కాడికి బుధవారం పోదామా తాతా? నేను తోల్తా" అంటోంది. శేఖర్ చెప్పించాడా, తనకే తోచిందా...
తాళం ఇంకా జేబులోనే ఉంది.