కట్ట కింది గోంగూర

ఫరీదాబాద్,
జూన్ 16

మట్టికట్టల విభాగం అసిస్టెంటు ఇంజనీరు చింతకుంట ఉమాశంకర్ గారికి అన్నపూర్ణేశ్వరి నమస్కరించి రాసే సంగతులు.

కట్ట మీద మీ ఆఫీసువాళ్ళు పాతిన బోర్డంతా హిందీలోనే ఉన్నా, ఇంటిపేరు చూడగానే మనవాళ్ళేనని తెలిసిపోయింది. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పి, అన్నీ నొక్కాక పాట వినిపించారు.

మాది కొండ పక్కన రిటైరైన కేంద్ర ప్రభుత్వోద్యోగుల కాలనీ. ఢిల్లీలో వసంత్ కుంజ్‌లో ఉన్నన్నాళ్ళూ కుండీల్లోనే మొక్కలు పెంచాను. ఇక్కడ మా ప్రహరీ వెనకే మీ కట్ట. వానాకాలంలో కొండ నీళ్ళు మా ఇళ్ళ మీద పడకుండా ఆపుతుంది. ఈ వేసవిలో కట్ట అడుగున, మా గోడ వైపు, నేల దానంతటదే చెమ్మగిల్లి సన్నగా నీరు రావడం మొదలైంది. మీరే ఏదో పథకం కింద వదిలారని గ్రహించి గోంగూర వేశాను. ఇంత ఎండలోనూ అరచెయ్యంత ఆకులు వేస్తోంది. మీ విభాగానికి నా కృతజ్ఞతలు.

ఇట్లు,
అన్నపూర్ణేశ్వరి

తా.క.: మా పై అంతస్తు కృష్ణకుమారి పక్కనే తోటకూర వేసింది. అక్కడిదాకా తడి అందడం లేదు. వీలైతే ఆవిడకీ కాస్త వదలండి. నాకు తగ్గించి మాత్రం వద్దు.

గురుగ్రామ్,
జూన్ 19

శ్రీమతి అన్నపూర్ణేశ్వరి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా విభాగం ఎవరికీ నీళ్ళు వదలదు. మా పని నీళ్ళని కట్టకి అవతలే ఉంచడం. ఇవతలికి వస్తున్నాయంటే కట్ట లోపల ఎక్కడో దారి చేసుకున్నాయేమోనని అనుమానించాలి. తేటగా వస్తుంటే కొంత నిదానంగా చూడవచ్చు. మట్టిరంగులో వస్తుంటే, లోపలి మట్టిని మోసుకొస్తున్నాయని అర్థం. అలాంటి కట్ట పైకి బాగానే కనిపిస్తూ ఒక్కసారిగా తెగుతుంది.

నేను నూహ్ దగ్గర ఇంకో కట్ట మరమ్మతులో ఇరుక్కున్నాను. నీళ్ళ రంగు ఎలా ఉందో, ధార పెరుగుతోందో లేదో దయచేసి వెంటనే రాయండి. అక్కడ తవ్వకండి. మీ ఫోన్ నంబరు తెలియజేస్తే నేనే మాట్లాడతాను.

భవదీయుడు,
ఉమాశంకర్

తా.క.: కృష్ణకుమారి గారి మడికి నీళ్ళు అందకపోవడం చాలా సంతోషం.

ఫరీదాబాద్,
జూన్ 22

ఉమాశంకర్ గారికి ఆశీస్సులు. మీ చేతిరాత చూస్తే మా తమ్ముడి కొడుకు వయసే ఉంటుందనిపించింది. ఏమీ అనుకోకండి.

నంబరు అడిగినవాళ్ళకి ఇవ్వొద్దని బ్యాంకువాళ్ళు రోజూ మెసేజీలు పెడుతున్నారు. మీరు మంచివారే అయ్యుండొచ్చు. అయినా ఉత్తరమే మేలు.

రంగు ఎలా ఉందని అడిగారు. నా కళ్ళకి శుక్లాలు వచ్చి అన్నీ ఒకే రంగులో కనిపిస్తున్నాయి. మీరే చూసుకోండని ఒక సీసాలో పట్టి పార్సిల్ చేస్తున్నాను. నా పంట గురించి ఇంత శ్రద్ధగా అడిగిన ఆఫీసు ఇంకోటి లేదు కాబట్టి గోంగూర పచ్చడి కూడా పెట్టాను. తవ్వొద్దన్నారని చేత్తోనే గిల్లి కోశాను.

మీ తాజా కలం కృష్ణకుమారికి చదివి వినిపించాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడడం లేదు.

ఆశీస్సులతో,
అన్నపూర్ణేశ్వరి

తా.క.: మావారు సదాశివరావు గారు కాలనీ సంఘం అధ్యక్షులు. కట్ట ఉత్తరపు చివర రాళ్ళు పరిచిన పల్లం ఒకటి ఉంది. పొద్దున్నే నడిచేవాళ్ళకి ఇబ్బందని దాన్ని పూడ్పించి, గోడ కట్టించి, పైన సిమెంటు చప్టా వేయించారు. ఇప్పుడు అందరూ అక్కడే యోగా చేస్తున్నారు. మీ చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరగాలని ఆయన కోరిక.

నూహ్,
జూన్ 25

అమ్మా,

స్పీడ్ పోస్టుని నమ్మలేక ఈ ఉత్తరం మా డ్రైవరు జశ్వంత్‌తో జీపులో పంపుతున్నాను. మీ సీసాలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడుగున ఎర్రటి మడ్డి కూడా పేరుకుంది. కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందనే నా భయం. మీరు కంగారు పడకండి. కానీ కింది అంతస్తువాళ్ళంతా ఈరోజే పైకి మారాలి. జశ్వంత్ అక్కడే ఉండి కట్టని కనిపెడుతుంటాడు. మా సీసాలో మళ్ళీ నీళ్ళు పట్టి ల్యాబుకి పంపిస్తాడు. వాన సూచన ఉంది. ఇక్కడి పని ఒక కొలిక్కి రాగానే వచ్చేస్తాను.

మీ
ఉమాశంకర్

తా.క.: సంతకం పెట్టాక మీ తాజా కలం మళ్ళీ చదివాను. అది పల్లం కాదమ్మా, అలుగు. నీళ్ళు నిండితే మిగులు బయటికి పోవడానికి పెద్దవాళ్ళు వదిలిన దారి. అది మూసుకుపోతే నీళ్ళు కట్ట మీద నుంచి పొర్లుతాయి. మట్టికట్ట ఎంత బరువైనా ఆపుతుంది గానీ, పైనుంచి పొర్లితే నిలవలేదు. వాన పడకముందే ఆ చప్టా పగలగొట్టించండి. ప్రారంభోత్సవానికి నేను గునపంతో వస్తాను.

ఫరీదాబాద్,
జూన్ 28

చిరంజీవి ఉమాశంకర్‌కి అనేక ఆశీస్సులు.

ముందు ఒక మాట. సీసా ఎర్రగా ఉండడానికి కారణం కట్ట కాదు. నేను సీసా సరిగ్గా కడగలేదు. ఆ జతలో రెండోది చూపిస్తే జశ్వంత్ వాసన చూసి, "ఆంటీజీ, యే తో అచార్ కీ బోతల్ హై" అన్నాడు. అది ఊరగాయ సీసా, కారం ఇంకా అంటుకునే ఉంది.

అది తేలేసరికే నీ ఉత్తరం కాలనీ అంతా తిరిగింది. కిందివాళ్ళందరం పరుపులు, మిక్సీలు మోసుకుని పైకి చేరాం. కృష్ణకుమారి ఇంట్లో నాలుగు కుటుంబాలం పడ్డాం. పొయ్యి ఆవిడది, పప్పు నాది. ఇక మాట్లాడుకోక తప్పలేదు.

మావారు నీ ఉత్తరం సంతకం దాకా చదివి, "ఎండుమిరపకాయకి ఇంత హంగామానా" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. తాజా కలం కాగితం వెనక ఉందని ఎవరం చూడలేదు.

నిన్న మధ్యాహ్నం వాన పట్టుకుంది. కొండ కూడా కనపడలేదు. కాస్త తెరిపివ్వగానే ఆయన చప్టా ఎలా ఉందో చూసొస్తానని గొడుగు తీశారు. నేనూ వెనకే కట్టెక్కాను. నీళ్ళు కట్ట అంచుకి జానెడు దూరందాకా ఎక్కేశాయి. చప్టా గోడకి ఆనుకుని, కదలకుండా, నిండుగా నిలబడి ఉన్నాయి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నువ్వేమైనా రాశావేమోనని ఆయన జేబులోంచి ఉత్తరం తీశాను. తిప్పితే తాజా కలం. గొడుగు కిందే చదివి వినిపించాను.

ఆయన చప్టా వైపు చూసి, "సిమెంటు రంగు కూడా నేనే ఎంచాను అన్నపూర్ణా" అన్నారు.

"అందుకే మీరే పగలగొట్టాలండీ. ఇంకెవరు ముట్టుకున్నా రేపు మీటింగులో గొడవే" అన్నాను.

గొడుగు నా చేతికిచ్చి, గునపం తెమ్మని జశ్వంత్‌ని కేకేశారు. మా పక్కింటి విష్ణువర్ధన్ గారు పలుగుతో వచ్చారు. ఒడ్డునే నిలబడి మొదటి పోటు మావారే వేశారు. గోడ ఒక మూల విరగగానే నీళ్ళు ఆ సందులోంచి రాళ్ళ మీదికి దూకి, కాలనీకి దూరంగా వాగులోకి వెళ్ళిపోయాయి. చూస్తుండగానే మట్టం దిగింది. కట్ట మీద నుంచి చుక్క పొర్లలేదు. తడిసి ముద్దయి ఇంటికొచ్చి అందరం పెసరట్లు తిన్నాం. ఆయన నాలుగు తిన్నారు.

నీ రాక కోసం చూస్తూ,
అన్నపూర్ణత్తయ్య

తా.క.: ఆయన నీ పై అధికారి పేరు అడుగుతున్నారు. మొన్న ఫిర్యాదు చెయ్యడానికి అడిగారు, ఇవాళ మెచ్చుకుంటూ రాయడానికి. ఉత్తరం మొన్నటిదే. మధ్యలో రెండు వాక్యాలు మారుస్తున్నారు.

గురుగ్రామ్,
జులై 7

అత్తయ్యగారికి, సదాశివరావు గారికి నమస్కారాలు.

ఆదివారం మీ ఇంట్లో తిన్న భోజనం ఇంకా మరిచిపోలేదు. ల్యాబు ఫలితం నిన్న వచ్చింది. జశ్వంత్ పట్టిన నీళ్ళలో క్లోరిన్ ఉంది. కొండ మీద కురిసిన వాననీటిలో అది ఉండదు. అవి మీ కాలనీ మంచినీళ్ళు. ప్రహరీ కింద గొట్టం అతుకు ఊడింది. కట్ట అసలు కారడమే లేదు. వేసవంతా పై అంతస్తు కుళాయిల్లో నీళ్ళు రాలేదని కృష్ణకుమారి గారు చెప్పారు కదా. అవన్నీ తాగింది మీ గోంగూర. గొట్టం బాగుచేసే రోజున ఆవిడని ఏ చుట్టాలింటికో పంపండి.

ఒక సంగతి మాత్రం నిజం. ఆ గొట్టం ఊడకపోతే మీరు ఉత్తరం రాసేవారు కాదు. అలుగు మూసేశారని వాన వచ్చేదాకా నాకు తెలిసేది కాదు. తర్వాత ఏమయ్యేదో తలచుకోవాలని లేదు. నిన్న సాయంత్రం వెళ్ళి కట్ట మీద కాసేపు కూర్చున్నాను. అలుగు మీద నీళ్ళు సన్నగా పారుతున్నాయి. కొత్త గడ్డి లేస్తోంది. తెగిన కట్ట గురించి మా ఆఫీసుకి కట్టలకొద్దీ కాగితాలొస్తాయి. నిలబడ్డ కట్ట గురించి వచ్చినవి మీ ఉత్తరాలే.

సెలవు,
మీ
ఉమాశంకర్

తా.క.: మన ఉత్తరాలన్నీ హిందీలోకి మార్చి ఫైలు పైకి పంపమన్నారు. గోంగూరని హిందీలో ఏమంటారో ఆఫీసులో ఎవరికీ తెలియక ఫైలు నా బల్ల మీదే ఉంది.