నా తలకాయకు వైద్యం

గూళూరు, 2006, సోమవారం రాత్రి

తమ్ముడి కొడుకు మంజుకు చాలా రోజులుగా నిద్ర లేదు. బోరు మోటరు తనను పేరు పెట్టి తిడుతున్నదంటాడు. చిక్కబళ్ళాపురంలో మనసు జబ్బుల డాక్టరుకు చూపిద్దామంటే వాడి తల్లి, నా మరదలు, ఒక షరతు పెట్టింది.

"ఆసుపత్రి చీటీ నీ పేరుతో రాయించు బావా. ముసలోళ్ళకు మతి తప్పితే ఎవురూ ఏమనుకోరు."

సరేనన్నాను. వయసులో నాటకాలాడినవాణ్ణి. రాజు, మంత్రి, ఒకసారి ద్రౌపది కూడా! పిచ్చివాడి వేషమొక్కటే మిగిలింది.

ఈ పొద్దున మంజును తీసుకుని ముగ్గురం బస్సెక్కాం. బస్సులో చాకవేలు ఊరి శెట్టి, "యాడికమ్మా పోతాండారు?" అన్నాడు.

"మా బావకు తలకాయ సరిగా లేదప్పా," అని బస్సంతా వినేటట్టు చెప్పి మరదలు కళ్ళొత్తుకుంది. నేనూ వేషానికి తగ్గట్టు కిటికీలోంచి ఊరికే నవ్వాను.

తీరా చూస్తే, షుగరు మాత్రలకని శెట్టి కూడా అదే ఆసుపత్రికి వచ్చాడు. అతను చూస్తాడని మరదలు మంజు చెయ్యి వదల్లేదు, డాక్టరు గదిలోకి పోనివ్వలేదు. ఒళ్ళు మండి నేనొక్కణ్ణే లోపలికి పోయి అంతా చెప్పాను.

"మొదట్లోనే మందు పడితే బాగా కోలుకోవచ్చు. కానీ అబ్బాయిని చూడకుండా ఏం రాసిచ్చేది?" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి, రేపు నువ్వే పిలుచుకుపో అని తమ్ముడి మీద అరిచాను. వాడు నా భుజం తట్టాడు.

"పోయి పడుకో అన్నా. నీకే బాగలేదని ఊరంతా అంటాండారు."

ఈ ఇంట్లో మంజు జబ్బును జబ్బు అనేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు నా మాటే చెల్లదు. వేషం విప్పుదామంటే విప్పనిచ్చేవాళ్ళెవరు...

కరెంటు పోయింది. ఆగిపోయిన మోటరుకు మంజు ఇంకా బదులు చెబుతూనే ఉన్నాడు.