అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు బీరు

ముంగ్యాంగ్, అక్టోబరు 6

దేగులో బీరు సరంజామా అమ్మే తక్ మీరన్ గారికి నమస్కారాలు.

నేను ముప్ఫై రెండేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్‌ని. అందుకే ఫోను చెయ్యకుండా రాస్తున్నాను. మీ సామానుతో ఇంట్లో ఇరవై లీటర్ల బీరు పులియబెట్టాను. మీరిచ్చిన తేలే గాజుగొట్టం, అదే హైడ్రోమీటరు, మొదటిరోజు గ్రావిటీ, అంటే చిక్కదనం, 1.048 చూపించింది. ఈస్టు చక్కెర తినేకొద్దీ అంకె దిగుతుందన్నారు. వారంలో 1.014కి దిగింది, సంబరపడ్డాను. మొన్న చూస్తే 1.017. ఇవాళ 1.021! పులిసేకొద్దీ తీపెక్కడమేంటండీ?

వచ్చే నెల మూడున మా అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు. ఇరవయ్యేడేళ్లుగా నేనేం చేసిపెట్టినా "ఊఁ, గొంతు దిగుతోందిలే" అంటారే తప్ప, బాగుందన్న మాట ఆవిడ నోట వినలేదు. ఈ బీరుతో అనిపించి తీరాలి.

ఇట్లు,
ప్యో దోంగ్‌సొప్

తా.క. ఆవిడ మూత తీసి వాసన చూసి "గుర్రం ఉచ్చ" అన్నారు. దానికీ గ్రావిటీకీ సంబంధం ఉందా?

దేగు, అక్టోబరు 9

ప్యో గారికి,

కంగారు పడకండి. బీరు ఇరవై డిగ్రీల దగ్గరున్నప్పుడే కొలవాలి. గొట్టాన్ని ఒకసారి గిర్రున తిప్పితే అంటుకున్న బుడగలు రాలిపోతాయి. గొట్టం మీదే అనుమానముంటే మంచినీళ్లలో ముంచండి, 1.000 చూపించాలి. ఒక్క మాట: వరసగా మూడు రోజులు అంకె కదలకుండా ఉంటేనే సీసాల్లో పట్టండి. లేకపోతే సీసాలు పేల్తాయి.

మీ
తక్ మీరన్

తా.క. గుర్రాల సరుకు మేం అమ్మం.

ముంగ్యాంగ్, అక్టోబరు 13

మీరన్ గారికి,

మంచినీళ్లలో సరిగ్గా 1.000. బీరులో 1.024. గిర్రున తిప్పాను, రెండుసార్లు కడిగాను, బతిమాలాను కూడా. ఇంకేం చెయ్యమంటారు?

ఇట్లు,
ప్యో దోంగ్‌సొప్

తా.క. వేడి చూడ్డానికి అత్తగారు జ్వరం చూసుకునే థర్మామీటరు వాడాను. అది ముప్ఫై అయిదుకి కింద చూపించదు. బీరుకి జ్వరం లేదని మాత్రం తేలింది.

దేగు, అక్టోబరు 16

ప్యో గారికి,

ఏమీ అనుకోకండి, ఒకటి అడుగుతాను. మత్తు పెరగాలని చాటుగా చక్కెర వేస్తున్నారా? చాలామంది వేస్తారు, నేనెవరికీ చెప్పను. వెయ్యకపోతే, బీరు ఎంతవరకుందో పీపా మీద గీత గీసి చూడండి.

మీ
తక్ మీరన్

ముంగ్యాంగ్, అక్టోబరు 21

అమ్మా మీరన్ గారూ,

ముప్ఫై రెండేళ్లలో పరాయివాళ్ల ఉత్తరం ఒక్కటి విప్పి చూసినవాణ్ణి కాదు. నన్ను పట్టుకుని చాటుగా చక్కెర వేస్తావా అంటారా? గీత గీశాను. బీరు తగ్గలేదు సరికదా, వేలెడు పెరిగింది! గ్రావిటీ 1.029. బీరు పెరిగే సరంజామా అమ్మినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలో తిట్టాలో తెలియట్లేదు. పదమూడు రోజులే ఉన్నాయి. ఈసారీ ఆవిడ చేత ఆ మాట అనిపించలేనేమోనని నిజంగానే దిగులుగా ఉంది.

ఇట్లు,
ప్యో

తా.క. ఇవాళ కొలిచే గ్లాసులో అన్నం మెతుకు ఒకటి తేలింది. ఈస్టు బాగా ఎదిగితే ఇలాగే ఉంటుందా?

ముంగ్యాంగ్, అక్టోబరు 23

మీరన్ అమ్మాయికి,

నేను ప్యో వాళ్ల అత్తని, బోంగ్ సుల్లేని. నీ ఉత్తరాలన్నీ అతను ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాడు. అన్నీ చదివాను. నువ్వూ తెలివైనదానివే గానీ, అడగాల్సింది అతన్ని కాదు.

ఆ రోజు గుర్రం ఉచ్చ అన్నానా, తర్వాత ఎవరూ లేనప్పుడు ఒక గుక్క తాగి చూశాను. అన్న మాట వెనక్కి తీసుకోలేక, రోజూ మధ్యాహ్నం సత్తు కెటిల్‌లోకి పట్టుకెళ్లి ఊళ్లో ముసలమ్మలు కూడే హాల్లో నలుగురం తాగుతున్నాం. తగ్గినట్టు తెలియకుండా నేను కాచిన షిఖే, అదే తియ్యటి అన్నం పానకం, పోశాను. అదీ బార్లీ మొలకలదే కదా, రంగు కలిసిపోతుందనుకున్నా. అందులో చక్కెర కాస్త ఎక్కువే వేస్తాలే. ఆ గాజుగొట్టం ఇంత చాడీలకోరని నాకేం తెలుసు? మెతుకులు వడగట్టాను, ఒకటి తప్పించుకున్నట్టుంది. గీత గీసిన రోజు చెయ్యి వణికి ఎక్కువ పడింది.

ఇవాళ్టి నుంచి పొయ్యను. అంకె దిగే ఉపాయం ఏదైనా ఉంటే రాయి. అతను దిగులుగా తిరుగుతుంటే నాకూ ముద్ద దిగట్లేదు. బీరు బాగుంది అమ్మాయీ, చాలా బాగుంది. పెళ్లైన కొత్తలో అతను కాచిన సముద్రపు నాచు పులుసూ బాగుండేది. ఎదురుగా నిలబడితే నాకు నోరు రాదు.

బోంగ్ సుల్లే

తా.క. ఇదంతా అతనికి చెప్పకు. ఈ కాయితం పొరపాటున అతని కవర్లో పడిపోతే మాత్రం నేనేమీ అనుకోను. కవరు మీద అతని పేరే రాయి. నా పేరుంటే చచ్చినా విప్పడు.