చూడని సినిమాల కథలు

1969 మార్చి 2, ఆదివారం

ఇయ్యాల గూడ సినిమా చూడలే. టాకీసు దాక పోయిన. గేటు కాడ పాటల పుస్తకం కొన్న, అంగిల దోపుకున్న, వెనుకకు మర్రి, ప్రత్యేక రాష్ట్రం గావాలనే ఊరేగింపుల కలిసిన. గొంతు పోయేదాక ఒర్రినం. మా నౌకర్లు మాకు గావాలె — గంతే గదా అడుగుతున్నది! పోలీసోళ్లు ఉరికించిన్రు. ఉరికినం.

అజీజ్‌నగర్ల బస్సు దిగి తోటకు వచ్చేసరికి దీపాలు పెట్టిన్రు. బాపు గుడిసె ముందటనే ఉన్నడు. "ప్రార్థనకు రమ్మంటె కాళ్లు నొస్తయి. సినిమాకైతె పట్నం దాక ఉరుకుతవు!"

తిట్టనీ. సినిమా పిచ్చోడని తిడితె తిట్టనీ. అసలు సంగతి తెలిస్తె తిట్లతోని పోదు. ఈ తోట దొరది, సర్కారుల పెద్ద అఫ్సరు. మొన్ననే బాపుతోని అన్నడట — "యాకోబూ, నీ కొడుకు ఆ లొల్లిల కనవడ్డడో, తెల్లారి తోట ఖాళీ చెయ్యాలె." ఈ ద్రాక్ష పందిళ్లు ఒక్కొక్కటి బాపు చేతుల మీద లేచినయి. గుడిసె మాత్రం దొరది.

అన్నం తిన్నంక అవ్వ, చెల్లె రూతు, పక్క గుడిసె బాలమణక్క సుట్టు కూసున్నరు. "ఊఁ... చెప్పు. ఏమైంది?" పాటల పుస్తకంల సగం కథే ఉంటది. "తర్వాత ఆమె గతి ఏమైంది? వెండితెర మీద చూడండి" అని చుక్కలు పెడ్తడు. ఆ చుక్కల కాడికెల్లి కథ నాది.

మార్చి 3

మొయినాబాదుల పిండి గిర్నికి పనికి పోయిన. ఒంటి నిండ పిండి, గొంతుల పుండు. సేటు అడిగిండు, "ఏమ్రా, మాట వస్తలేదు?" సినిమాల ఈలలు కొట్టిన అన్న. నమ్మిండు. అందరు నమ్ముతరు... నేను గంత సినిమా పిచ్చోన్ని మరి.

మార్చి 9, ఆదివారం

పోయినేడు నిజంగనే పిచ్చోన్ని. నేల టికెటు. ఒక్కో సినిమా మూడుసార్లు. మాటలన్నీ నోటికి పట్టుకొని వచ్చి ఇంట్ల అప్పజెప్పేటోన్ని. ఇప్పుడు తెర మీద ఏడ్పులు చూస్తె మండుతది. బయట రోడ్డు మీద అసలు సంగతి నడుస్తుంటె చీకట్ల కూసొని పప్పులు బుక్కుడేంది?

ఇయ్యాల చెప్పింది కోడలి కథ. జమీందారు ఇంటి కోడలు. మొగుడు పట్నం పోతడు. అత్త కోడలిని వానల బయటికి గుంజి గేటు వెడ్తది. పుస్తకం అక్కడ ఆగింది. నేను ఆగలే. ఆమెను మిల్లుల పనికి వెట్టిన. కూలోళ్లందరిని ఒక్కటి చేయించిన. ఆఖరుకు అదే గేటు కాడికి తెచ్చి, గేటు మూయించి, అత్తను వానల నిలవెట్టిన.

బాలమణక్క చప్పట్లు కొట్టింది.  "మంచిగ చేసింది" అన్నది అవ్వ.

మార్చి 20

మొయినాబాదుకు టెంటు సినిమా వచ్చింది. గిర్ని ఎనుక జాగల గుడారం. రహీం సాబుది. చేవెళ్లల నెల దినాలు ఆడి వచ్చిన్రట.

మార్చి 27

గిర్నికి వచ్చేటోళ్లు ఇదివరకు "దావీదూ, కొత్త సినిమా ఏమొచ్చింది, కథ చెప్పు" అనేటోళ్లు. ఇప్పుడు ఎవ్వరడుగుతలేరు. గోడవతల బొమ్మే ఆడుతుంటె నా నోటి కథ ఎవరికి గావాలె? ఇంకో ముచ్చట. సేటు ట్రాన్సిస్టరు కొన్నడు. ఇంటర్వెల్ల జనం టెంటుకెల్లి లేచి గిర్ని ముందటికి వస్తున్నరు — వార్తల కోసం. పట్నంల ఏమైంది, ఎంతమందిని పట్టుకపోయిన్రు... ఇనుకుంట సగం మంది వెనుకకే పోతలేరు. రహీం సాబు నెత్తి కొట్టుకుంటున్నడు. "అరె భాయ్, నా సినిమా కన్న నీ డబ్బ ఎక్కువైందా?"

ఏప్రిల్ 12, శనివారం

జట్కా మీద మైకు కట్టుకొని ఒర్రుకుంట పోతున్నరు. సోమవారం కెల్లి టెంట్ల కోడలి సినిమా. అదే సినిమా!

ఇంటికొచ్చేసరికి అవ్వకు తెలిసిపోయింది. "మా దావీదు చెప్పిన సినిమానే!" పుట్టి ఒక్క సినిమా చూడలే అవ్వ. బాపు వద్దన్నడు, పాపం అన్నడు. "గిన్ని దినాలు విన్నప్పుడు రాని పాపం, చూస్తె వస్తదా?" అన్నది అవ్వ.

"నల్లులు ఉంటయే అవ్వా, ఆ టెంట్ల" అన్న. "మనింట్ల లేవా" అన్నది.

ఏప్రిల్ 13, ఆదివారం

వీపు మీద పడ్డది. లాఠి. ఒక్కటే. అంగి చినగలే, నయం. ఎవరన్న అడిగితె పిండి బస్త తగిలిందని చెప్త.

ఏప్రిల్ 14

మొదటి ఆట. అవ్వ, రూతు, బాలమణక్క పోయిన్రు. నేను గిర్నిలనే ఉన్న. గోడవతల మాటలన్నీ ఇనవడ్తున్నయి. ఆఖరుకు ఏడ్పులు... అత్తకు జరం, కోడలు సేవ, కాళ్ల మీద పడుడు, దీవెనలు. థూ!

బొమ్మ ఆగింది. ఆడోళ్ల దిక్కుకెల్లి అవ్వ గొంతు — "ఆఖరు రీలేది?"

గేటోడు: "అయిపోయింది గదవ్వా, లేవు."

"యాడ అయిపోయింది? కాళ్ల మీద పడుడేంది? పట్నంల మా పోరడు చూసిండు, ఆమె గేటు మూస్తది! మంచి రీలు దాసుకొని చెత్త రీలు ఏస్తున్నరా?"

బాలమణక్క అందుకున్నది, "మిల్లు కూడ లేదు! మిల్లు రీలు గూడ మింగిన్రు!" ఇగ అందరు లేచిన్రు. రీలు కోసిన్రంట, రీలు కోసిన్రంట... నేను పిండి బస్తల ఎనుక కూసున్న. చెమటకు వీపు భగభగ మండుతున్నది.

ఏప్రిల్ 15

రహీం సాబు తోటకే వచ్చిండు. రీలు కోసిండన్న మాట మొయినాబాదంత పాకిందట, ఇయ్యాల ఆటకు మనుషులే రాలేదట. బాపు పందిరి కిందికెల్లి వచ్చిండు. కొమ్మలు కోసే కత్తెర చేతులనే ఉన్నది.

"యాకోబ్ భాయ్, నీ కొడుకును పిలువు. చెప్పు దావీదూ, మీ ఏసు సాక్షి. పట్నంల ఆమె కాళ్ల మీద పడ్డదా, లేదా?"

లేదంటె రహీం సాబు దొంగ. అన్నెంపున్నెం తెల్వని మనిషి. పడ్డదంటె... మరి గేటు కథ యాడికెల్లి వచ్చింది? సినిమా చూడకుంట ఆదివారాలు యాడున్నవ్? బాపు నా దిక్కే చూస్తున్నడు. దొర మాట చెవులల్ల మోగుతున్నది.  

అవ్వ చాట కింద పెట్టింది.

"ఆన్ని అడుగుడెందుకు సాబ్? ఆడు చెప్పినప్పుడు కాళ్ల మీద పడ్డదనే చెప్పిండు. నాకు నచ్చలే. నేనే మార్చుకున్న. మార్చి మార్చి చెప్పుకుంట నేనే నిజమనుకున్న."

రహీం సాబు బాలమణక్క దిక్కు మర్రిండు. బాలమణక్క అవ్వ మొఖం చూసింది.  "అవు సాబ్. అక్కనే మార్చింది. మాకు గట్లనే మంచిగున్నదని ఊకున్నం." రూతు గూడ తలకాయ ఊపింది.

రహీం సాబు పకపక నవ్విండు. "యా అల్లా! కంపెనోళ్లు ఈమెను అడిగి తీసేది ఉండె సినిమా!" రేపు టెంటు ముందటికి వచ్చి గీ మాటే అందరికి చెప్పుమని అవ్వను అడిగిండు. చెప్త అన్నది.  

బాపు నవ్వలే. పందిట్లకు పోయిండు.

ఏప్రిల్ 16

పొద్దుగాల అవ్వ వీపుకు పసుపు, నూనె రాసింది. నేను అడగలే. అంగి ఇప్పుమన్నది, ఇప్పిన.

"పిండి బస్తకు గింత సన్న వాత పడ్తదా కొడుకా?"

నేను అంగి అందుకున్న.

"సినిమా చూసినోడు ఎట్లొస్తడో నాకు తెల్వదా? పోయినేడు నవ్వుకుంట వచ్చేటోనివి. ఇప్పుడు పండ్లు కొరుక్కుంట వస్తున్నవు."

"మరి తెలిసి గూడ టెంట్ల గంత లొల్లి ఎందుకు చేసినవే?"

"నువ్వు సినిమాకు పోతలేవని తెలుసు. కథ అబద్ధమని తెల్వదు గద!" అన్నది. కోపం నిజమైనదే. నాకు నవ్వాగలే. నవ్వితె వీపు గుంజుతున్నది, అయినా నవ్విన. నెలల తర్వాత కడుపు నిండ తిన్న.

ఏప్రిల్ 19, శనివారం

రేపు పెద్ద ఊరేగింపు. రేపే దొర తోటకు వస్తున్నడు, చుట్టాలతోని. అందరు ఇంట్లనే ఉండాలన్నడట.

అవ్వ మెల్లగ అన్నది, "సినిమా పేరొక్కటి చెప్పి పో. దొరడిగినా, మీ బాపు అడిగినా, కథ నేను చెప్పుకుంట."

పేరు యాదికి వస్తలేదు. టాకీసు దిక్కు పోక ఎన్నాళ్లైందో... అంతల్నే పందిరి అవతలికెల్లి బాపు గొంతు. ఆడున్నడని మా ఇద్దరికి తెల్వదు.

"ఏ సినిమా రా?"

"...కొత్తది బాపూ."

"కొత్తదంటె పేరుండదా?"

కోపం లేదు గొంతుల. నవ్వు గూడ లేదు. కత్తెర చప్పుడు ఆగింది. అవ్వ నా దిక్కు చూస్తున్నది, నేను ఆకుల సందుకెల్లి బాపు కాళ్లు చూస్తున్న. కదుల్తలేవు. కత్తెర మల్ల మొదలైంది. కొమ్మలు పడుతున్నయి, ఒక్కటొక్కటి.

"మొదటి బస్సు పొద్దున్నే పోతది" అన్నడు.

పొమ్మన్నడా? లేకుంటె నాకంటె ముందు లేచి తోవకు అడ్డం నిలవడ్తడా?