మంచినీళ్ళ ట్యాంకు

కార్తీకం, బుధవారం. పొద్దుటినుంచి ముసురు. సాయంత్రం పశువుల పాకకి తాటాకు వేసేను.

సముద్రంలో ఆయిల్ రిగ్గులకి సరుకులు మోసిన పాత ఓడని బతికున్న చేపల్ని తీసుకెళ్ళేలా మారుస్తున్నాం. రేపు మా బావమరిది రాంబాబు దాని ట్యాంకులోకి దిగి వెల్డింగ్ చెయ్యాలి.

"ఇన్నేళ్ళూ ఇందులో మంచినీళ్ళేనండి, భయం లేదు," అన్నారు ఇవాళ ఓడ దగ్గర సూపర్‌వైజర్ గారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు రాంబాబు. అన్నాడేగానీ, పాత నూతిలోకి దిగేముందు గాలి చూసుకున్నట్టే లాంతరు వెలిగించి తాడు కట్టేడు. ట్యాంకు మూత దగ్గరికి వెళ్ళేడో లేదో, సూపర్‌వైజర్ గారు పరిగెత్తుకొచ్చి లాంతరు లాక్కుని ఆర్పేసేరు.

"కిరసనాయిలేదో ఆయన కొన్నట్టు ఆ కంగారేంటి బావా?" అని నవ్వేడు రాంబాబు.

నేను నవ్వలేదు. మంచినీళ్ళ ట్యాంకైతే దీపానికి అంత భయం దేనికి? లాంతరే పనికిరాని చోట వెల్డింగ్ ఎలా చెయ్యమంటారు?

వాడు వసారాలో నిద్రపోతున్నాడు. పని పోతుందన్న భయంతో దిగనని వాడు చెప్పడు. నేనే చెప్పాలి. పాకకి తాటాకు ఎంత పట్టిందో రాయాలిగానీ, ముందు వాణ్ణి లేపి...